మార్తక్క గార్డు

తాండూరు బడి పిల్లల మధ్య ఒకప్పుడు ఒక మాట నడిచేది. ఎవడైనా కోతలు కోస్తే, పక్కవాడు తల కూడా తిప్పకుండా "అది మార్తక్క గార్డు లే" అనేవాడు. అంటే అబద్ధమని అర్థం. ఆ మాట పుట్టి ఇరవై ఏళ్లు దాటింది. అన్నవాళ్లలో సగం మందికి మార్తక్క ఎవరో, గార్డు ఎవరో, వాళ్లిద్దరికీ సంబంధమేమిటో తెలియదు. మాటకేం, కాళ్లుంటే చాలు, నడుస్తుంది.

మార్తకు మాత్రం బాగా తెలుసు. ఆమెకిప్పుడు యాభై నాలుగేళ్లు. తాండూరు బండలు పాలిష్ చేసే కార్ఖానాలో పని. కోత మిషను నుంచి వచ్చిన బండను వేలి కణుపుతో టక్కున కొట్టి, అది మోగే తీరును బట్టి లోపల పగులుందో లేదో చెబుతుంది. కంటికి అద్దంలా కనిపించే బండను కూడా ఒక్కోసారి పక్కన పెట్టమంటుంది. మొదట్లో సేటు విసుక్కున్నాడు. ఆమె వద్దన్న బండ ఒకటి లారీ ఎక్కించి, హైదరాబాదులో దింపేటప్పుడు రెండు ముక్కలైతే చూసి నోరు మూసుకున్నాడు. ఇప్పుడు మార్త కాదంటే ఆ బండ గేటు దాటదు. ఇంత నమ్మకంగా బతికే మనిషి పేరు ఊళ్లో అబద్ధానికి మారుపేరు కావడం ఎంత అన్యాయమో మీరే చెప్పండి.

అసలు కథ ఆమె తండ్రి బాలప్ప దగ్గర మొదలవుతుంది. బాలప్ప రైల్వే గేటు కాపలాదారు. బషీరాబాద్ వైపు పోయే లైను మీద, కంది చేల మధ్య ఆయన గేటు. ఆ గేటు పక్క చిన్న గదిలోనే మార్త పుట్టి పెరిగింది. సిమెంటు బండ్లు, బొగ్గు బండ్లు, బొంబాయి బండ్లు అన్నీ ఆమె గుమ్మం ముందు నుంచే పోయేవి. బండి వచ్చే వేళకు బాలప్ప గేటు వేసి, పచ్చజెండా పట్టుకుని నిలబడేవాడు. ఇంజను పోగానే జెండా దించేవాడు కాదు. చిట్టచివర గార్డు డబ్బా వచ్చేదాకా అలాగే ఉండేవాడు. గార్డు తన వరండాలో నిలబడి అటు నుంచి పచ్చజెండా ఊపితే అప్పుడు దించేవాడు. అంతా క్షేమమని ఒకరికొకరు చెప్పుకోవడం అది.

ఒకసారి ఎవరో రైతు తొందరలో సైకిలు వంచి గేటు కింద నుంచి దూరాడు. ఒక ఇంజను ఒంటరిగా పోతే ఇక బండి పోయినట్టే అనుకున్నాడు, అవతలి లైను మీద వస్తున్న అసలు బండిని చూసుకోలేదు. అతని టిఫిన్ డబ్బాను వాళ్లింటికి తీసుకెళ్లి ఇచ్చింది బాలప్పే. ఆ రోజు నుంచి తన పిల్లలకు ఒకటే చెప్పేవాడు, "ఇంజను పోతె బండి పోయినట్టు గాదు బిడ్డా. గార్డు పోతెనే పోయినట్టు."

మార్త పెళ్లి తాండూరులో టీవీలు బాగుచేసే శ్రీనుతో అయింది. శ్రీను చేతిలో పనితనం ఉంది కానీ షాపులో కూర్చునే ఓపిక లేదు. ఎవరో బాగుచేయమని ఇచ్చిన వీడియో గేమ్ పెట్టెను ఆరు నెలలైనా తీసుకుపోకపోతే, దాన్ని పాత టీవీకి తగిలించి ముందు గదిలో పెట్టాడు. బడి పిల్లలు ఈగల్లా మూగారు. గంటకింత అని పెట్టి, షాపు భార్యకు అప్పగించి, తను పనిముట్ల సంచి పట్టుకుని ఊరి మీద పడ్డాడు. అలా మార్త వీడియో గేమ్ షాపు ఓనరయింది. ఇది తొంభై తొమ్మిది నాటి మాట.

పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైన క్యాసెట్టు ఒక బండ్ల పందెం. దాని అసలు పేరు ఏదో విదేశీ లిపిలో ఉండేది, ఒక్కరికీ చదవరాదు. బొమ్మ మీద ముంగిస ఉంది కాబట్టి అందరూ ముంగిస బండి అనేవాళ్లు. ముంగిస, గాడిద, బాతు, పంది నలుగురూ తొట్టిలాంటి చిన్నచిన్న కార్టుల్లో కూర్చుని మూడు చుట్లు పరుగు తీయాలి. అందులో ఒక దారిలో రైలు గేటు ఉంది. ఏదో ఒక చుట్టులో గేటు పడుతుంది. బండిని కాస్త వంచితే కింద నుంచి దూరిపోవచ్చు. ప్రపంచంలో ఆ ఆట ఆడినవాళ్లంతా దూరే ఉంటారు.

మార్త దూరలేదు. పిల్లలు బడికి పోయిన ఒక మధ్యాహ్నం ఊసుపోక రిమోట్ పట్టుకుంది. గాడిదను ఎంచుకుంది, జారదు కాబట్టి. గేటు పడింది. ఆమె చెయ్యి దానంతటదే ఆగిపోయింది. గేటు గదిలో పుట్టిన పిల్ల, ఆగక ఏంచేస్తుంది? రైలు వచ్చింది. ఒక్కొక్క డబ్బా పోతున్నది. మిగతా మూడు బండ్లూ ఎప్పుడో వెళ్లిపోయాయి. చివరికి వరండా ఉన్న చిన్న డబ్బా వచ్చింది, దాంట్లో వేలెడంత గార్డు నిలబడి ఉన్నాడు. మార్త చేతిలో జెండా లేదు. ఏంచేయాలో తోచక హారన్ నొక్కింది. ఆ గార్డు చెయ్యెత్తి పచ్చజెండా ఊపాడు. గాడిద బండి చక్రాల కింద పచ్చటి వెలుగు పుట్టి, అది ఎగిరినట్లు పోయి, ముంగిసను కూడా దాటి ఫస్టు వచ్చింది.

మార్త రిమోట్ కింద పెట్టింది. ఆదివారం తండ్రిని పిలిపించింది. బాలప్ప ఖాకీ బట్టల్లోనే వచ్చి స్టూలు మీద కూర్చుని చూశాడు. ఒకసారి చూసి నమ్మలేదు. మూడుసార్లు ఆడించాడు. మూడుసార్లూ గార్డు జెండా ఊపాడు. బాలప్ప కళ్లు తుడుచుకుని, టీవీ మీద చెయ్యి వేసి అన్నాడు, "గీ ఆట చేసినోడు ఎవడో మనోడే బిడ్డా. వాని నాయిన గూడ గేటు కాడ పనిచేసినోడే అయ్యుంటడు."

ఆ మర్నాడే షాపు గోడ మీద సుద్దముక్కతో ఒక రూలు వెలిసింది: గేటు పడితే ఆగవలెను. దూరినవాడి వంతు పోయినట్లే. పిల్లలు గొణిగారు. గార్డు జెండా చూశాక గొణగడం మానేశారు. రెండేళ్లు ఆ షాపులో ఆడినవాళ్లంతా గేటు దగ్గర బుద్ధిగా ఆగి, రైలు పోయేదాకా చూసి, హారన్ కొట్టి పోయేవాళ్లు. ఇంకెక్కడా ఎవరికీ తెలియని రహస్యం తాండూరులో ఒక ఇరుకు గదిలో అందరికీ తెలుసు.

తర్వాత ఒక వానాకాలం కరెంటు ఎక్కువ వచ్చి ఆ క్యాసెట్టు కాలిపోయింది. ఊళ్లో టీవీలన్నీ బతికించిన శ్రీనుకు ఇంట్లో క్యాసెట్టు బతికించడం చేతకాలేదు. హైదరాబాదు పోయి వెతికితే ఆ ఆట దొరకలేదు, దాని రెండో భాగం దొరికింది. అందులోనూ ముంగిస ఉంది, గేటు ఉంది, రైలు ఉంది. గార్డు డబ్బా మాత్రం లేదు. మార్త ఎన్నిసార్లు ఆగి చూసినా రైలు తోకలేని పాములా పోయింది. అయినా గోడ మీది రూలు చెరపలేదు. గార్డు ఉన్నా లేకున్నా గేటు గేటే కదా అన్నది ఆమె లెక్క.

అక్కడే చిక్కొచ్చింది. రెండు మూడేళ్లు తిరిగేసరికి గార్డును చూసిన పిల్లలు పెద్దచదువులకు తలోదిక్కు వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆగడమే తప్ప జెండా లేదు. అడిగితే, పాత ఆటలో గార్డు జెండా ఊపేవాడని మార్త చెప్పేది. ఆ కొత్త పిల్లల్లో ప్రణయ్ ఒకడు. పరిగి దగ్గర భూములున్న పటేళ్ల పిల్లవాడు, చదువు కోసం తాండూరులో మేనమామ ఇంట్లో ఉండేవాడు. పదకొండేళ్లుంటాయి, తెలివి మాత్రం పాతికేళ్లది. ఒక సాయంత్రం షాపు నిండా పిల్లలుండగా లేచి నిలబడి, గార్డూ లేడు గీర్డూ లేడు, మనల్ని గేటు కాడ నిలబెట్టి మార్తక్క మన టైం తింటున్నదని చెప్పాడు. పిల్లలంతా ఒక్కసారి ఆమె వైపు చూశారు. ఆమె దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

వారం తిరగకుండా మార్తక్క గార్డు అన్న మాట బడి అంతా పాకింది. ఒకరిద్దరు తల్లులు షాపు ముందుకొచ్చి నిలదీశారు. మార్త ఎవరితోనూ వాదించలేదు. అన్నిటికన్నా తగిలింది వేరే ఉంది. ఆమె కూతురు బిందు అప్పుడు మూడో తరగతి. బడిలో ఎవరో ఏడిపిస్తే ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, తల వంచుకుని అడిగింది.

"గార్డు నిజంగ ఉన్నడా అమ్మా?"

గార్డు జెండా ఊపిన రోజుల్లో బిందు ఇంకా బడికి పోని పసిపిల్ల, ఆమెకేమీ గుర్తులేదు. ఉన్నాడని మార్త చెప్పింది. బిందు మళ్లీ అడగలేదు. నమ్మి అడగలేదో, తల్లిని బాధపెట్టడం ఇష్టంలేక అడగలేదో మార్తకు ఇరవై ఏళ్లుగా తెలియదు. షాపు మరుసటేడు మూతపడింది. బాలప్ప రిటైరయ్యాడు, ఆ తర్వాత కన్నుమూశాడు. మార్త బండల కార్ఖానాకు పోయింది.

బిందు ఇప్పుడు వికారాబాదులో ల్యాబు టెక్నీషియను. మొన్న ఒక శనివారం తాండూరు వచ్చినప్పుడు చెప్పులు విడవకముందే ఫోను తీసి చూపించింది. ముంగిస బండి ఐదో భాగం వచ్చిందట. పదేళ్లుగా ఆపేసిన ఆటను కంపెనీ మళ్లీ కొత్తగా చేసి వదిలింది. పాత ఆటల గుర్తులు చాలా పెట్టారని, హైదరాబాదు కుర్రవాడెవరో వాటన్నిటినీ వెతికి ఒక వీడియో చేశాడు. మొదట్లో మోగే పాట మొదటి ఆటది. మంచు దారిలో కనిపించే విరిగిన వంతెన రెండో ఆటది. బాతు పెట్టుకున్న ఎర్ర టోపీ మూడోది. గాడిద హారన్ బొంగురు గొంతు కూడా పాతదే. ఇలా నలభై రెండు గుర్తులు చెప్పాడు. ఇరవై తొమ్మిదోది రైలు గేటు. ఇది మొదటి ఆట నుంచి తెచ్చారు, ఊరికే అలంకారానికి, కింద నుంచి దూరితే సమయం కలిసొస్తుంది అని చెప్పి ముందుకు పోయాడు.

మార్త ఆ ముక్క దగ్గర ఆపించింది. వెనక్కి తిప్పించింది. కుర్రవాడి బండి గేటు కింద దూరిపోతుంటే, తెర మూలన రైలు తోక ఒక్క క్షణం కనిపించింది. చత్వారపు కళ్లద్దాలు పెట్టుకుని ఫోను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. చివరి డబ్బాకు వరండా ఉంది.

వికారాబాదు చౌరస్తా దగ్గర ఒక గేమ్ షాపులో రేపు ఈ ఆటకు పోటీ పెడుతున్నారని, ఎవరైనా పేరు ఇవ్వొచ్చని బిందు చెప్పింది. షాపు ఎవరిదో కాస్త తటపటాయించి చెప్పింది. ప్రణయ్‌ది. ముందు ఎవరూ లేనప్పుడు పోయి ఒకసారి చూసి వద్దామంది. తీరా గార్డు జెండా ఊపకపోతే? రైలు బొమ్మ పెట్టారు కానీ మిగతాది పెట్టారో లేదో ఎవరికి తెలుసు? అందరి ముందు రెండోసారి అబద్ధాలమనిషి అనిపించుకోవాలా? కూతురి భయం మార్తకు అర్థమైంది. భయం ఆమెకూ ఉంది. అయినా తల అడ్డంగా ఊపింది.

"అన్ననాడు అందరి ముందర అన్నరు బిడ్డా. చూపిస్తె గూడ అందరి ముందరనే చూపిస్త."

ఆదివారం పొద్దున చర్చికి పోయి, అటునుంచి అటే బండెక్కి వికారాబాదులో దిగారు. షాపులో ముప్పై మంది దాకా ఉన్నారు. అంతా కాలేజీ పిల్లలు. గోడంత టీవీ, దాని ముందు నాలుగు కుర్చీలు. ఇస్త్రీ చీర, తెల్లబడ్డ జుట్టు, చేతిలో చర్చి సంచితో మార్త లోపలికి వస్తే, ఎవరి కోసమో వెతుక్కుంటూ వచ్చిందనుకుని ఇద్దరు దారి ఇచ్చారు. బిందు తల్లి పేరు రాయించింది. ఆ పేరు చదివి ప్రణయ్ కౌంటరు వెనక నుంచి లేచొచ్చాడు. ముప్పై రెండేళ్ల మనిషి, కాస్త పొట్ట కూడా వచ్చింది. తనకు ఆటల పిచ్చి ఎక్కించింది ఈమేనని అందరికీ సంబరంగా చెప్పాడు, కుర్చీ తుడిచి వేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ నోరు చిన్నప్పటిదే. ఇంకా గార్డు కోసం ఆగుతున్నావా అక్కా అని నవ్వుతూ అడిగాడు. కథ తెలియని పిల్లలకు రెండు ముక్కల్లో చెప్పాడు కూడా. షాపంతా నవ్వింది. బిందు గోడ వైపు తిరిగింది.

మార్త కొత్త రిమోట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. మీటలు లెక్కకు మించి ఉన్నాయి. హారన్ ఏదని అడిగింది. హారన్‌తో ఏమీ ఒరగదని ప్రణయ్ చెప్పాడు. ఒరగకున్నా ఏదో చెప్పమంది. చూపించాడు.

పందెం మొదలైంది. ప్రణయ్ ముంగిస, ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు బాతు, పంది. మార్త మళ్లీ గాడిదే. మొదటి చుట్టులో రెండుసార్లు గోడకు గుద్దుకుంది. రెండో చుట్టుకు చేతులకు పాత దారి గుర్తొచ్చింది. పందిని దాటింది. ఎవరో ఈల వేశారు. మూడో చుట్టులో గంట మోగింది. గేటు దిగుతున్నది.

ముంగిస దూరిపోయింది. బాతు దూరిపోయింది. వెనక నుంచి వచ్చిన పంది కూడా దూరిపోయింది. గాడిద ఆగింది. పోనీ ఆంటీ, పోనీ అని వెనక ఎవరో అరిచారు. రైలు వచ్చింది. కొత్త ఆట కదా, డబ్బాలు ఎక్కువే పెట్టారు. మార్త ఒక్కొక్కటీ లోపల లెక్కబెట్టుకుంటున్నది. ఇరవై. ఇరవై ఒకటి. వెనక నవ్వులు మొదలయ్యాయి. ఆమెకు అవి వినిపించడం లేదు. బండను కొట్టి చెవి పెట్టినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె మనసు. ఇరవై రెండో డబ్బా పోయింది. వరండా ఉన్న డబ్బా వచ్చింది. దాంట్లో మనిషి ఉన్నాడు.

మార్త హారన్ నొక్కింది. గాడిద హారన్ బొంగురుగా మోగింది.

వరండాలో మనిషి ఇటు తిరిగాడు. చెయ్యెత్తి, నిదానంగా, రెండుసార్లు పచ్చజెండా ఊపాడు.

నవ్వులు ఆగిపోయాయి. గాడిద చక్రాల కింద పచ్చటి వెలుగు లేచింది. అది గేటు దాటి, పందిని దాటి, బాతును దాటి, ముంగిస వెనకదాకా పోయింది. రైలు పొడుగెక్కువ కాబట్టి మూరెడు దూరంలో ముంగిసే గెలిచింది. గెలిచినవాడిని ఒక్కరూ చూడలేదు. గెలిచినవాడు కూడా తెర చూడటం లేదు, మార్తను చూస్తున్నాడు. ఒక కుర్రవాడు ఫోను తీసి, ఇది ఆ నలభై రెండింట్లో లేదు, ఎక్కడా లేదు అంటూ గబగబా వెతుకుతున్నాడు.

బిందు గోడ దగ్గర నుంచి వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ఉన్నడమ్మా," అంది.

ఇరవై ఏళ్ల కిందట అన్నం ముందు అడిగిన ప్రశ్నకు బిడ్డే జవాబు చెప్పింది. మార్తకు గర్వంగా ఉంది. తన మాట నిలబడినందుకు సరే, అంతకన్నా తండ్రి తలపుకొచ్చి గర్వంగా ఉంది. గేటు గదిలో జీవితమంతా నిలబడిన మనిషి ఆ ఆట చేసినవాణ్ని చూడకుండానే పోల్చుకున్నాడు. సముద్రాల అవతల ఎవరో ఇన్నేళ్లూ ఆ గార్డును మరిచిపోలేదు. ఎవరూ చూడరని తెలిసి కూడా, ఆగే మనిషి ఒక్కరైనా ఉంటారని మళ్లీ వరండాలో నిలబెట్టారు.

ప్రణయ్ కుర్చీ ఇటు జరుపుకున్నాడు. ఈసారి నవ్వు లేదు.

"అక్కా, ఆ మాట పుట్టించింది నేనే. తప్పయింది."

"నువ్వు ఆడిన దాంట్ల గార్డు లేడు," అంది మార్త. "నువ్వు చూసింది నువ్వు చెప్పినవ్. నేను చూసింది నేను చెప్పిన. గంతే."

ప్రణయ్ లేచి, కౌంటరు మీద నుంచి సుద్దముక్కలాంటి తెల్ల పెన్ను తెచ్చి, టీవీ పక్కన పోటీ నియమాలు రాసిన నల్లబోర్డు కింద ఒక వరస కలిపాడు: గేటు పడితే ఆగవలెను. తన కుర్చీ బిందుకు ఇచ్చి, తను నేల మీద కూర్చున్నాడు.

మళ్లీ పందెం మొదలైంది. ముంగిస బిందుది. ఈసారి రెండో చుట్టులోనే గంట మోగింది. బాతు ఆగింది. పంది ఆగింది. ముంగిస వచ్చి గాడిద పక్కన ఆగింది. రైలు ఒక్కొక్క డబ్బాగా పోతున్నది, అందరూ గార్డు కోసం చూస్తున్నారు.